చైనా వాళ్లకు ఇంగ్లిష్ నేర్పుతుంటే 'షియాంగ్' దగ్గర ఒక్క నిమిషం ఆగండి

చైనీస్ మాట్లాడేవాళ్లకు ఇంగ్లిష్ చెబుతున్న మనవాళ్ల కోసం ఈ చిట్కా. 'థింక్' మొదలుపెట్టే ముందు వాళ్ల 'షియాంగ్' సంగతి తెలుసుకోండి. ఆలోచించడం, చేయాలనిపించడం, ఎవరిమీదైనా బెంగపడటం, మూడింటికీ ఆ ఒక్క మాటే వాడతారు. 'వో షియాంగ్ నీ' అంటే నీమీద బెంగగా ఉందని. ఇంగ్లిష్‌లో అక్కడ 'మిస్' రావాలి, 'థింక్' కాదు.

అసలు చిక్కు 'నాట్' ఎక్కడ పెట్టాలన్నది. 'ఐ థింక్ హీ వోంట్ కమ్' అంటారు. తప్పేం కాదు గానీ, ఇంగ్లిష్ వాళ్ల నోట మామూలుగా వచ్చేది 'ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్'. మనమూ 'రాడనుకుంటా' అనేవాళ్లమే కదా, ఈ ఇబ్బంది మనకు చప్పున అర్థమవుతుంది! 'డోంట్'ని ముందుకు లాగించి, ఐదారు వాక్యాలు పైకి చదివించండి. చదివిస్తేనే నోటికి అలవాటవుతుంది.

'థింక్ ట్వైస్' మాత్రం ఇట్టే పట్టేస్తారు. మూడుసార్లు ఆలోచించి అడుగేయాలని వాళ్ల నానుడి. జీ వెన్‌జీ అనే మంత్రి అలాగే చేసేవాడని విని, రెండుసార్లు చాలన్నాడట కన్ఫ్యూషియస్. ఈ ముక్క చెప్పి చూడండి, 'ట్వైస్' మళ్లీ మర్చిపోరు.