కొన్న షీటుతో బేకరీ పేస్ట్రీలు – మూడవ పాఠం: పూర్ణం పొంగి పారకుండా

కిందటి పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. పఫ్ పేస్ట్రీ షీటు నుంచి రెండు చతురస్రాలు కోసి, లోపల ఏమీ పెట్టకుండా ఖాళీగా కాల్చి చూడమన్నాను. షీటు దండగ ఎందుకని ఆ పని దాటేసినవారు ఉంటే, ముందు అది ముగించి రండి. ఈ పాఠమంతా ఆ రెండు ముక్కల మీదే నిలబడి ఉంది.

ముక్కలు నాలుగు వైపులా సమానంగా లేచి, పక్క నుంచి చూస్తే పుస్తకం పుటల్లా పొరలు విడివిడిగా కనిపించాయా? అయితే మీకూ మీ ఓవెన్‌కూ స్నేహం కుదిరినట్టే. ఒక పక్కకు ఒరిగి లేచాయంటే కత్తిని నిలువుగా దించకుండా లాగి కోశారన్నమాట. లాగిన చోట పొరల అంచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పైన పూసిన గుడ్డు అంచు మీదుగా కారినా ఇదే జరుగుతుంది. ట్రే మీద వెన్న మడుగు కట్టి ఉంటే షీటు ఓవెన్‌లోకి వెళ్ళక ముందే వెచ్చబడింది, లేదా ఓవెన్ చాలినంత వేడెక్కలేదు. పైన చక్కటి రంగు వచ్చి, విరిస్తే నడుమ పచ్చిపిండి గీత కనిపించిందా? అది మీ తొందర. ఇంకో ఐదు నిమిషాలు ఉంచవలసింది.

ఖాళీ ముక్క బాగా వచ్చినవారికి కూడా పూర్ణం పెట్టగానే కష్టాలు మొదలవుతాయి. (ఫిల్లింగ్ అనేవారు అనవచ్చు. తీపి ఏదైనా పిండి మడతలో దాక్కుంటే దానికి పూర్ణం కంటే మంచి మాట నాకు దొరకలేదు.) నేను మొదటిసారి చేసినప్పుడు ఒక్కొక్క చతురస్రంలో మూడేసి చెంచాల జామ్ నింపి, చుట్టూ గట్టిగా నొక్కి మూసి, గర్వంగా ఓవెన్‌లో పెట్టాను. ఇరవై నిమిషాల తరువాత ట్రే నిండా నల్లటి పాకం, దాని నడుమ దీవుల్లా తొమ్మిది ఖాళీ డొల్లలు. ఆ ట్రేను రెండు రోజులు నీళ్ళలో నానబెట్టాను.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. పఫ్ షీటు లేవడానికి అందులో ఈస్టు గానీ బేకింగ్ పౌడర్ గానీ ఉండవు. పిండి పొర, వెన్న పొర, మళ్ళీ పిండి పొర, అంతే. సంప్రదాయ పద్ధతిలో మూడేసి మడతల చొప్పున 6 సార్లు మడిస్తే వెన్న పొరలు 729 అవుతాయి. వేడి తగలగానే పిండిలోని నీరు, వెన్నలోని నీరు ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు విస్తరిస్తుంది. కరిగిన వెన్న పొరలను అంటుకోనివ్వదు, ఆవిరి వాటిని పైకి నెడుతుంది, ఆ లోగా పిండి గట్టిపడి అలాగే నిలుస్తుంది. అంటే మనం కొన్నది పిండి కాదు, పొరలు. మడిచి, చల్లబరచి, మళ్ళీ మడిచే ఆ సుదీర్ఘమైన శ్రమ ఎవరో చేసి పెట్టారు. వాటిని తడపకుండా, వేడెక్కనివ్వకుండా ఓవెన్ దాకా చేర్చడమే మన వంతు. నీళ్ళ పూర్ణం పెడితే అడుగు పొరలు నాని ముద్దవుతాయి. వెచ్చటి పూర్ణం పెడితే వెన్న అక్కడే కరిగిపోతుంది. వెన్న పూర్తిగా కరగడానికి 35 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు, అంటే మన ఒంటి వేడి కంటే కూడా తక్కువ. అందుకే పూర్ణం ఏదైనా చిక్కగా ఉండాలి, చల్లగా ఉండాలి, కొంచెమే ఉండాలి. ఈ మూడింటిలో ఎక్కువ మంది తప్పేది మూడవదే.

ఇక పూర్ణాల సంగతి. పిండి కొన్నప్పుడు పూర్ణం కూడా సీసాలోనో డబ్బాలోనో కొనడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే సీసాలోంచి తీసినది తీసినట్టే పెట్టకూడదు.

జామ్ నుంచి మొదలుపెడదాం. రొట్టె మీద రాసుకునే మామూలు జామ్ గది వేడిలో ముద్దగా కనిపించినా, ఓవెన్‌లో దానిలోని పెక్టిన్ పట్టు సడలి పాకంలా పలచబడుతుంది. 150 గ్రాముల జామ్‌ను చిన్న గిన్నెలో నాలుగైదు నిమిషాలు సన్నటి మంట మీద కలుపుతూ ఉడికించండి. చల్లటి పళ్ళెంలో ఒక చుక్క వేసి, వేలితో నడుమ గీత గీయండి. గీత మూసుకోకుండా నిలిస్తే చాలు. లేదా ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్‌ను రెండు చిన్న చెంచాల నీళ్ళలో కలిపి అందులో పోసి, ఒక పొంగు రానివ్వండి. అన్నిటికంటే తేలిక మార్గం మరొకటి ఉంది. జామ్‌ను కాల్చకుండా, పేస్ట్రీ కాలి చల్లారిన తరువాత నడుమ గుంటలో వేయడం. ఇందులో మోసమేమీ లేదు, బేకరీల్లోనూ చాలా పేస్ట్రీలకు ఇదే చేస్తారు.

డబ్బా పండ్లు వాడితే జల్లెడలో అరగంట వడకట్టండి, తరువాత కాగితపు తువాలు మీద ఒత్తి ఆరబెట్టండి. ఈ రెండవ మెట్టు వదిలేసేవారే ఎక్కువ. వడకట్టిన పాకాన్ని పారబోయకండి. 100 మిల్లీలీటర్లకు ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ చొప్పున చల్లగా ఉన్నప్పుడే కలిపి, పొయ్యి మీద పెట్టి, తెల్లటి మసక పోయి అద్దంలా మెరిసే దాకా ఉడికిస్తే పండ్లను పట్టి ఉంచే బంధనం అవుతుంది. నిమ్మరసం వేసుకుంటే దించిన తరువాతే వేయండి. పులుపుతో ఎక్కువసేపు ఉడికితే పిండిపదార్థం పట్టు తగ్గుతుంది.

పచ్చి ఆపిల్ లాంటి గట్టి పండ్లను ముందుగానే వెన్న, పంచదారలతో మెత్తబడే దాకా ఉడికించి, నీరు ఇగిరిపోయాక చల్లార్చి వాడాలి. పచ్చిగా పెడితే లోపల నీరు వదిలి కుంచించుకుపోతాయి, పైపొర మాత్రం లేచి నిలుస్తుంది. కొరికితే మధ్యలో గాలి తప్ప ఏమీ ఉండదు.

కస్టర్డ్ పౌడర్ ఈ పనికి పుట్టినట్టుంటుంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు గుడ్డు పడకపోవడంతో, గుడ్డు లేకుండా కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడే కస్టర్డ్ తయారుచేశాడు. దాని వారసురాలే నేటి పొడి. తాగేంత పలచగా కాకుండా పూర్ణంగా నిలవాలంటే 250 మిల్లీలీటర్ల పాలకు మూడు పెద్ద చెంచాల పొడి, రెండు పెద్ద చెంచాల పంచదార పడతాయి. పొడిని కొద్దిపాటి చల్లటి పాలలో కలిపి, మిగతా పాలు కాగాక పోసి, ఉడుకుతుండగా రెండు నిమిషాలు ఆపకుండా కలపండి. గిన్నెలోకి తీసి, మీగడ కట్టకుండా ప్లాస్టిక్ పొరను కస్టర్డ్‌కు తగిలేలా కప్పి, ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లారాక చెంచాతో తీస్తే ముక్కలా లేవాలి, జారకూడదు.

క్రీమ్ చీజ్ పూర్ణానికి 150 గ్రాముల చీజ్, 35 గ్రాముల పంచదార, ఒక పచ్చసొన, కొంచెం వెనిల్లా చాలు. పచ్చసొన ఓవెన్ వేడికి గట్టిపడి చీజ్‌ను పట్టి ఉంచుతుంది. గుడ్డు తినని వారు దాని బదులు ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ వేసుకోవచ్చు. యంత్రంతో ఎక్కువసేపు గిలకొడితే పలచబడుతుంది కాబట్టి చెంచాతోనే కలపండి.

చాక్లెట్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బిళ్ళను విరిచి ముక్కగా పెట్టండి. సీసాలో దొరికే చాక్లెట్ పూతలో నూనె ఎక్కువ, అది కారుతుంది.

ఇప్పుడు చేతులు కడుక్కుని మొదటి ఆకారానికి వద్దాం. నడుమ గుంట ఉన్న చతురస్రం ఇది. చాలా చోట్ల దీన్ని డానిష్ అని అమ్ముతారు. నిజమైన డానిష్ పిండిలో ఈస్టు ఉంటుంది కాబట్టి మనది వేషం మాత్రమే. ఆ మాటకొస్తే డెన్మార్క్ వాళ్ళు తమ పేస్ట్రీని వియన్నా రొట్టె అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకుంటారు, ఇక పేర్ల గురించి మనకెందుకు.

ఫ్రీజర్‌లోని షీటును ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి. మడత విప్పితే విరగకూడదు, వేలితో నొక్కితే జిడ్డు అంటకూడదు. ఆ నడిమి స్థితిలోనే పని చేయాలి. సుమారు 25 సెంటీమీటర్ల షీటును 9 చతురస్రాలుగా, పదునైన కత్తిని నిలువుగా దించుతూ కోయండి. బేకింగ్ పేపర్ పరచిన ట్రే మీద ఎడంగా పేర్చండి. ఒక్కొక్కదాని అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, కత్తి మొనతో లోతు సగానికి మించకుండా చిన్న చతురస్రం గీయండి. ఆ గీత లోపల మాత్రం ఫోర్కుతో పదిసార్లు పొడవండి. పొడిచిన చోట ఆవిరి బయటికి పోతుంది, పొరలు లేవవు. పొడవని అంచు లేచి గోడలా నిలుస్తుంది. మీ కళ్ళ ముందే గుంట దానంతట అదే ఏర్పడుతుంది. నాకు ఈ విద్యలో ఇప్పటికీ అన్నిటికంటే ముచ్చటైన క్షణం అదే.

గుంటలో ఒక చిన్న చెంచా బిస్కెట్ పొడి గానీ ఎండిన రొట్టె పొడి గానీ చల్లండి. పండు వదిలే తడిని అది పీల్చుకుంటుంది. దాని మీద ఒక్క పెద్ద చెంచా పూర్ణం, ఆపైన కావాలంటే రెండు మూడు పండు ముక్కలు. ఇంత తక్కువా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. అంచు పైభాగానికి గిలకొట్టిన గుడ్డు గానీ పాలు గానీ కుంచెతో పలచగా పూసి, పక్కలకు కారకుండా చూడండి. తరువాత ట్రేతో సహా 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఓవెన్ 200 డిగ్రీల సెల్సియస్, ఫ్యాన్ తిరిగే రకమైతే 180. కనీసం 20 నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వాలి. కాలడానికి 16 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మొదటి 12 నిమిషాలు తలుపు తెరవకండి. బంగారు రంగు రాగానే తీసేయమని అందరూ చెప్తారు, నేను ఒప్పుకోను. తేనె రంగు దాటి, లేత గోధుమ రంగు ముదిరే దాకా ఉంచండి. ఒకదాన్ని గరిటెతో లేపి అడుగు చూడండి. అడుగు తెల్లగా ఉంటే పైరంగు ఎంత ముద్దొచ్చినా కాలనట్టే. దించాక ట్రే మీదే వదిలేస్తే ఆవిరి అడుగున చేరి మెత్తబరుస్తుంది కాబట్టి తీగల జల్లెడ మీదికి మార్చండి.

రెండవ ఆకారం మూసిన త్రికోణం. షీటును నాలుగు పెద్ద చతురస్రాలుగా కోసి, ఒక మూలకు దగ్గరగా రెండు పెద్ద చెంచాల పూర్ణం పెట్టి, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్లు ఖాళీ వదలండి. లోపలి అంచుకు తడి వేలు రాసి, మడిచి, గాలి బయటికి నొక్కి, ఫోర్కుతో అంచంతా అదమండి. పైన మూడు గాట్లు పెట్టడం మరచిపోతే ఆవిరి తన దారి తానే వెతుక్కుంటుంది, అది దాదాపు ఎప్పుడూ మీరు నొక్కిన అంచే అవుతుంది. దీనికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. మూసిన వాటిలో ఉడికించిన ఆపిల్, కస్టర్డ్ బాగుంటాయి, జామ్‌కు మాత్రం నేను దూరం.

గాలిపంకా ఆకారం ఎవరైనా బొమ్మ చూసి చేయగలరు, దానికి ఇక్కడ చోటు పాడుచేయను.

బేకరీ గాజు పెట్టెలోని మెరుపు ఎక్కడిదంటే, ఆప్రికాట్ జామ్. రెండు పెద్ద చెంచాల జామ్‌ను ఒక చెంచా నీళ్ళతో వేడి చేసి, వడకట్టి, ఇంకా వెచ్చగా ఉన్న పేస్ట్రీ పండు మీద, అంచు మీద కుంచెతో పూయండి. తెల్లటి గీతలు కావాలంటే 100 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో మూడు నాలుగు చిన్న చెంచాల పాలు కలిపి, పేస్ట్రీ పూర్తిగా చల్లారాక చెంచా అంచు నుంచి జారవిడవండి. వెచ్చగా ఉండగా వేస్తే కరిగి కనిపించకుండా పోతుంది.

వచ్చే పాఠం లోపు చేయవలసిన పని: ఒకే షీటు నుంచి తొమ్మిది చతురస్రాలు కోసి, మూడింట్లో కస్టర్డ్, మూడింట్లో క్రీమ్ చీజ్, మూడింట్లో ఆరబెట్టిన డబ్బా పండ్లు పెట్టండి. ప్రతి మూడింట్లో ఒకదానికి బిస్కెట్ పొడి వేయకుండా వదిలేయండి, ఏది ఏదో గుర్తు పెట్టుకోండి. కాల్చిన గంటకు ఆరు తినవచ్చు. ప్రతి రకంలో ఒకటి చొప్పున, పొడి లేనివే, మూడు దాచండి. ఫ్రిజ్‌లో మూత పెట్టి ఒక రాత్రి ఉంచి, పొద్దున అడుగు తిప్పి చూడండి. ఏది ఎంత నానిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందు రోజే చేసి, మరునాడు మళ్ళీ కరకరలాడించడం ఎలాగన్నది నాలుగవ పాఠం. ఆ కాగితం దగ్గర పెట్టుకునే మొదలుపెడతాం.