పాత పైపులతో కొత్త చర్చి ఆర్గాన్: సమస్య - పరిష్కారం

పాత ఆర్గాన్ల (పైపుల్లోకి గాలి పంపి మోగించే చర్చి వాద్యాలు) పైపులు తెచ్చి గుంటూరులోనో విజయవాడలోనో కొత్తది కడుతుంటే పని ఒక వరసలో సాగాలి: ముందు గాలి, తర్వాత పలుకు (ప్రతి పైపూ తన స్వరం సరిగ్గా పలకడం), ఆఖర్న శ్రుతి. ఈ వరస తప్పితే వందేళ్లు నిలిచిన పైపు కూడా మన చేతుల్లో పాడైపోతుంది.

సమస్య: పైపు తన స్వరం వదిలి పై స్థాయికి దూకుతోంది.

గాలి ఒత్తిడి ఎక్కువైంది. ప్రతి పైపునూ దాని పాత ఆర్గాన్‌లో ఉన్న ఒత్తిడికి తగ్గట్టు పలికించి ఉంటారు. కొలవడానికి తాపీ మేస్త్రీలు లెవెల్ చూసే ట్యూబు చాలు. దాన్ని యు ఆకారంలో వంచి, సగం నీళ్లు పోయండి. ఒక పైపు తీసి, ఆ రంధ్రంలో ట్యూబు కొసను గాలి పోకుండా బిగించి, దాని మెట్టు (వేలితో వాయించే కీ) నొక్కండి. రెండు వైపులా నీటిమట్టంలో వచ్చే తేడాయే ఒత్తిడి. చర్చి ఆర్గాన్లలో అది 75 మి.మీ. చుట్టుపక్కల ఉండటం మామూలే.

గాలి నిల్వ చేసే తిత్తి మీద బరువులు తగ్గిస్తూ, ఎక్కువ పైపులు హాయిగా పలికే చోట ఆపండి. అప్పటికీ దూకే పైపులకు అడుగు రంధ్రం కొంచెం మూయండి. కావాలంటే మళ్లీ తెరవొచ్చు. పైపు నోటి పై పెదవిని మాత్రం కోయొద్దు, కోసిన లోహం తిరిగి రాదు.

సమస్య: ఒక వరస పైపులన్నీ శ్రుతి పెరిగి వినిపిస్తున్నాయి.

రెండు కారణాలు ఉండొచ్చు. పాత ఇంగ్లీషు వాద్యాలు కొన్నింటిలో శ్రుతికి ఆధారంగా తీసుకునే 'ఎ' స్వరం 452 హెర్ట్జ్ దాకా ఉండేది, ఇప్పుడు 440. అప్పుడు పైపు పైకొసకు రేకు తొడుగు వేసి పొడవు పెంచాలి. రెండోది మన ఎండ. గాలి 25 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే శ్రుతి సుమారు 43 సెంట్లు పెరుగుతుంది, అంటే పక్క మెట్టుకు దాదాపు సగం దూరం. మే నెల మధ్యాహ్నం చూసి సరిచేస్తే క్రిస్మస్ ప్రాక్టీసుకి శ్రుతి దిగిపోతుంది. ఆరాధన జరిగే వేళ, ఫ్యాన్లో ఏసీలో రోజూలాగే నడుస్తుండగా సరిచూడండి. రీడ్ పైపులు (లోపలి లోహపు నాలుక అదిరి మోగేవి) వేడికి అంతగా మారవు కాబట్టి వాటిని చివర్లో మిగతావాటికి కలపాలి.

సమస్య: మెట్టు వదిలినా మోత ఆగడం లేదు.

పైపులు నిలబెట్టే గాలిపెట్టెలో, పైపుకు గాలి ఆపే మూత కింద చెక్కపొట్టు ఇరుక్కుని ఉంటుంది, లేదా వానాకాలం తేమకు చెక్క ఉబ్బి ఉంటుంది. ముందు శుభ్రం చేయండి. ఉబ్బిన చోట చిత్రిక పట్టే ముందు ఒక వానాకాలం గడవనివ్వండి.

సమస్య: పైపు పాదం దగ్గర తెల్లటి పొడి.

అది పైపు లోహంలోని సీసానికి పట్టిన తుప్పు, విషం. కొన్ని రకాల చెక్క, కొత్త ప్లైవుడ్ వదిలే ఆమ్లపు ఆవిరి దీనికి కారణం. ఊదకండి, గీకకండి. మాస్కు, గ్లౌజులు వేసుకుని తడిగుడ్డతో తుడవండి, పెట్టెకు గాలి ఆడేలా చూడండి, సండే స్కూలు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.