టోర్నమెంట్ మ్యాప్ తయారీ, 3వ భాగం: చెరో ఏడు టైల్స్ గోల్డ్ ఇస్తే సమానమైపోతుందా?

మొదటి రెండు భాగాలు చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే యుద్ధ వ్యూహాల ఆటలో నడిచే ఒక ర్యాండమ్ మ్యాప్ స్క్రిప్ట్ (ప్రతి గేమ్‌కూ కొత్త నేల పుట్టించే ఆదేశాల ఫైల్) ఉండాలి. ఇద్దరు ఆటగాళ్లు, టైనీ సైజు అంటే 120 × 120 టైల్స్ (నేల గళ్లు), ఆటలోని అరేబియా మ్యాప్ లాంటి బయలు నేల, అక్కడక్కడ అడవి. అది లేకపోతే ముందు పూర్తి చేసుకుని రండి, ఈ భాగం మొత్తం ఆ ఫైల్ తెరిచి పెట్టుకునే చదవాలి. ఈసారి పని ఏంటంటే, ఆ మ్యాప్ మీద ఓడిపోయినవాళ్లు "నేల నాకు అన్యాయం చేసింది" అని నిజాయితీగా అనగలిగే అవకాశం ఎంత ఉందో కొలవడం, కొలిచాక దాన్ని తగ్గించడం.

ఒక విషయం ముందే తేల్చుకుందాం. ర్యాండమ్ మ్యాప్‌లో ఇద్దరికీ అచ్చంగా ఒకే నేల రాదు. స్టార్‌క్రాఫ్ట్ అనే ఇంకో వ్యూహాల ఆటలో మ్యాప్‌ను చేత్తో గీస్తారు, ఒక సగం గీసి రెండో సగం దాన్నే తిప్పి పెడతారు, ఆటగాళ్లకు ప్రతి మూలా ముందే కంఠతా వచ్చి ఉంటుంది. (అంత చేసినా పూర్తి సమానం రాలేదు. స్టార్‌క్రాఫ్ట్ విస్తరణ అయిన బ్రూడ్ వార్‌లో గ్యాస్ అనే వనరు మన బేస్‌కు ఏ పక్కన ఉందనేదాన్ని బట్టి గ్యాస్ తెచ్చే వేగం మారిపోతుంది, కాగితం మీద రెండు వైపులా ఒకేలా ఉన్నా సరే.) మన ఆటలో స్కౌట్ (నేల వెతకడానికి పంపే సైనికుడు) తిరిగి చూసేదాకా ఎవరికీ ఏమీ తెలియదు, ఆ వెతుకులాట కూడా నైపుణ్యమే, దాన్ని తీసేస్తే ఆటలో సగం పోతుంది. అందుకని తేడా ఉంటుందని ఒప్పుకుని, ఎంతవరకు ఉండొచ్చో గీత గీసి, గీత దాటితే ఏం చేస్తామో టోర్నమెంట్ మొదలవకముందే రాసి పెట్టాలి. నా దృష్టిలో న్యాయమైన మ్యాప్ అంటే ఇదే.

లెక్క సులువు, త్వరగా దాటేద్దాం. స్క్రిప్ట్ చివర ఉండే ఆబ్జెక్ట్స్ విభాగంలో గోల్డ్, స్టోన్, బెర్రీలు, గొర్రెలు, అడవి పందులు అన్నిటికీ "సెట్ ప్లేస్ ఫర్ ఎవ్రీ ప్లేయర్" అన్న ఆదేశం ఉందో లేదో చూడండి (ఫైల్‌లో ఈ పదాల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయి). అది ఉంటే ఇద్దరికీ ఒకే సంఖ్యలో వస్తాయి. ఒక్కో గోల్డ్ టైల్‌లో 800 ఉంటుంది కాబట్టి ఏడు టైల్స్ అంటే 5600, స్టోన్ టైల్‌కు 350 చొప్పున ఐదంటే 1750, పంది ఒక్కోటి 340 ఫుడ్, గొర్రె 100. ఒక్క పంది తగ్గినా ఆ ఆటగాడి ఫ్యూడల్ టైమింగ్ (ఆటలో రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కు చేరే సమయం) దెబ్బతింటుంది, ఇందులో బేరం లేదు.

అసలు చిక్కు చోటు దగ్గర మొదలవుతుంది. అన్నదమ్ములకు చెరో ఎకరం పంచి, ఒకరిది కాలువ పక్కన, ఇంకొకరిది మెరక మీద పెడితే కొలత సమానమే గానీ పంపకం సమానం కాదు. మెయిన్ గోల్డ్‌కు (ఆ ఏడు టైల్స్ గోల్డ్‌కు) మీరు టౌన్ సెంటర్ (ఆటగాడి మొదటి భవనం) నుంచి కనీస దూరం 12, గరిష్ఠ దూరం 16 అని ఇచ్చారనుకోండి. నాలుగు టైల్స్ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. మైనింగ్ క్యాంప్ (తవ్విన గోల్డ్ దించే భవనం) ఎలాగూ గోల్డ్ పక్కనే కడతారు కాబట్టి తవ్వే వేగం కూడా మారదు. కానీ ఎదుటివాడి ఆర్చర్లు వచ్చిపడ్డప్పుడు విలేజర్లు (పనివాళ్లు) పరుగెత్తి టౌన్ సెంటర్‌లో దూరడానికి పట్టే సమయం మారుతుంది, చుట్టూ కట్టాల్సిన గోడ పొడవు మారుతుంది.

దూరం కంటే పెద్ద తేడా దిక్కుది. స్క్రిప్ట్‌కు దూరమే తెలుసు, దిక్కు తెలియదు. 14 టైల్స్ దూరంలో పెట్టమంటే టౌన్ సెంటర్ వెనక పెట్టొచ్చు, శత్రువు ముఖాన పెట్టొచ్చు, దానికి రెండూ ఒకటే. ఒకరి గోల్డ్ వెనక, ఇంకొకరిది ముందు పడిందంటే రెండో ఆటగాడు ఫ్యూడల్ ఏజ్ మొత్తం టెన్షన్‌తో కాపలా కాయాలి, మొదటివాడు హాయిగా తవ్వుకుంటాడు. దానికి తోడు ఆ ముందు గోల్డ్ పక్కన గుట్ట ఉంటే ఇంకా కష్టం. ఈ ఆటలో పైనుంచి కొట్టేవాళ్లకు 25 శాతం ఎక్కువ డ్యామేజ్, కిందనుంచి పైకి కొట్టేవాళ్లకు 25 శాతం తక్కువ.

దీనికి స్క్రిప్ట్‌లోనే ఒక మందు ఉంది, యాక్టర్ ఏరియా అంటారు. మ్యాప్ మధ్యలో ప్రాంతం ఒకటి నిర్వచించి, మెయిన్ గోల్డ్‌ను అందులో పెట్టొద్దని చెప్పొచ్చు. మీ ఆటగాళ్లు మధ్య నుంచి 44 టైల్స్ దూరంలో ఉన్నారనుకుంటే, సరిగ్గా ముందువైపు పడే గోల్డ్ మధ్య నుంచి 28 నుంచి 32 టైల్స్ దూరంలో ఉంటుంది. కాబట్టి 35 వ్యాసార్థంతో ప్రాంతం గీస్తే మరీ ముందుకు పడేవి ఆగిపోతాయి, పక్కలకు పడేవి, వెనక పడేవి మిగులుతాయి. అయితే ఇది మెయిన్ గోల్డ్‌కు మాత్రమే చేయండి. నాలుగేసి టైల్స్ ఉండే రెండో, మూడో గోల్డ్ కూడా వెనక్కి తోసేస్తే ఇద్దరూ గోడలు కట్టుకుని ఇంట్లో కూర్చుంటారు, కొట్టుకోవడానికి కారణమే ఉండదు, చూసేవాళ్లకూ విసుగు.

ఇక్కడ చాలామంది ఉత్సాహంగా షరతుల మీద షరతులు పెడతారు. గోల్డ్ అడవికి ఇంత దూరం ఉండాలి, స్టోన్‌కు అంత దూరం ఉండాలి, మధ్యలో ఉండకూడదు అని. అన్ని షరతులూ తీరే ఖాళీ దొరక్కపోతే ఆట మీకు ఏ హెచ్చరికా ఇవ్వదు, గోల్డ్ పెట్టకుండానే మ్యాప్ తయారు చేసి చేతిలో పెడుతుంది! ఆబ్జెక్ట్స్ విభాగంలో ముందు రాసినవి ముందు చోటు పట్టుకుంటాయి కాబట్టి మెయిన్ గోల్డ్, స్టోన్, బెర్రీలు పైన రాయండి, జింకలు, రెలిక్‌లు, అలంకారం కోసం పెట్టే మొక్కలు ఆ తర్వాత. అయినా గోల్డ్ మాయమవుతుంటే షరతు సడలించడమో, అడవి తగ్గించడమో చేయాల్సిందే.

ఇక కొలత. సినారియో ఎడిటర్‌లో మీ స్క్రిప్ట్ ఎంచుకుని, సీడ్ (ఏ మ్యాప్ పుట్టాలో నిర్ణయించే నంబర్) మార్చుకుంటూ మ్యాప్ తీస్తూ పోండి, టోర్నమెంట్‌లో వాడబోయే సైజులోనే. ఒక్కో సీడ్‌కు షీట్‌లో ఒక వరుస: గోల్డ్ ముందా పక్కనా వెనకా, గుట్ట మీద ఎవరున్నారు, దగ్గరి అడవి ఎటు, ఏదైనా మాయమైందా. ఇద్దరికీ విడివిడిగా రాయండి. సగటు తీయకండి, సగటు అన్యాయాన్ని దాచేస్తుంది, అన్నిటికంటే చెడ్డ మ్యాప్‌లనే చూడండి. 16 మంది నాకౌట్ అంటే 15 మ్యాచ్‌లు, బెస్ట్ ఆఫ్ ఫైవ్ (ముందు మూడు గేమ్‌లు గెలిచినవాళ్లదే మ్యాచ్) అయితే కనీసం 45 గేమ్‌లు, ఎక్కువంటే 75. మీ స్క్రిప్ట్ ఇరవైకి ఒక చెడ్డ మ్యాప్ ఇస్తుందంటే సగటున రెండు నుంచి నాలుగు గేమ్‌లు పాడవుతాయి, అందులో ఒకటి ఫైనల్ కావచ్చు. మరో సంగతి, 30 సీడ్‌లు చూసి ఒక్క చెడ్డదీ కనబడకపోతే సంబరపడకండి, పదికి ఒకటి దాకా చెడ్డవి ఉన్నా 30లో ఒక్కటీ తగలకపోవడం జరగొచ్చు. వంద చూడండి. చేతులు నొప్పి పుడతాయి, అయినా చూడండి.

అనుమానంగా ఉన్న సీడ్‌ను సినారియోగా సేవ్ చేసి, ఇంచుమించు సమాన బలం ఉన్న ఇద్దరితో ఒకే సివితో (సివిలైజేషన్, అంటే ఆటగాడు ఎంచుకునే జాతి) ఆడించి, చోట్లు మార్చి మళ్లీ ఆడించండి. ఎవరాడినా ఒకే వైపు గెలుస్తూ ఉంటే నేలను అనుమానించాలి.

సెట్టింగ్స్ గురించి ఈసారికి కొంచెమే. వేగం 1.7, పాపులేషన్ 200, టీమ్స్ లాక్, రికార్డింగ్ ఆన్, ఇవి అందరికీ తెలిసినవే. అందరూ మరిచిపోయేది సర్వర్. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు ఆడుతుంటే ఎవరి ఊరికి దగ్గరి సర్వర్ పెట్టినా రెండోవాళ్లు నష్టపోతారు. ఇద్దరికీ పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) దగ్గరదగ్గరగా వచ్చే సర్వర్ ఏదో ముందురోజే లాబీ తెరిచి చూసి, పేరు రాసి ఇద్దరికీ పంపండి. రీస్టార్ట్ నియమం కూడా అప్పుడే పంపాలి: ఏవి లోపిస్తే రీస్టార్ట్ (మెయిన్ గోల్డ్, స్టోన్, పంది, బెర్రీలు), ఎన్ని నిమిషాల లోపల అడగాలి, ఎవరు తేలుస్తారు. "గోల్డ్ ముందుంది" అన్నది రీస్టార్ట్‌కు కారణం కాదని కూడా అందులోనే రాయండి, లేదంటే ప్రతి గేమ్ ముందూ వాదనే.

వచ్చే భాగం సివి డ్రాఫ్ట్ మీద, అంటే ఆటకు ముందు ఎవరు ఏ సివి తీసుకుంటారో ఎంచుకోవడం మీద. ద్రవిడియన్లు అనే సివికి నైట్‌లు (బలమైన గుర్రపు సైనికులు) లేవు, అందుకే ఇలాంటి బయలు మ్యాప్‌లో వాళ్లను తీసుకున్నవాళ్లు గుర్రాల వెంట పడలేక ఇబ్బంది పడతారు, అదే నీళ్ల మ్యాప్ అయితే కథ మారుతుంది. అంటే మ్యాప్ ఎంచుకున్నప్పుడే సివిలను కూడా సగం ఎంచేసినట్టే, ఆ ముడి అక్కడ విప్పుదాం. ఈలోపు వంద సీడ్‌ల షీట్ పూర్తి చేసి, అన్నిటికంటే చెడ్డ ఐదు సీడ్ నంబర్లు పక్కన పెట్టుకోండి, వచ్చే భాగంలో మొదటి అభ్యాసం వాటితోనే.