రెండు డాండిలియన్లను గింజ రంగుతో వేరు చేయడం

అమెరికాలో వసంతం రాగానే ఇంటి ముందు పచ్చికలో విరిసే పసుపు పూలను మనం డాండిలియన్ అనే ఒకే పేరుతో పిలుస్తాం. కొన్నిచోట్ల వాటిలో రెండు జాతులు కలిసి పెరుగుతుంటాయి. ఒకటి సాధారణ డాండిలియన్, అంటే టరాక్సకమ్ అఫిసినేల్. రెండవది ఎర్రగింజ డాండిలియన్, అంటే టరాక్సకమ్ ఎరిత్రోస్పెర్మమ్. రెండూ ఐరోపా నుంచి వచ్చి అక్కడ పాతుకుపోయినవే. మన పొలం గట్ల మీది గడ్డి చామంతిది కూడా ఇదే కుటుంబం.

ముందుగా మొక్క డాండిలియన్ అవునో కాదో చూసుకోవాలి. ఆకులన్నీ నేలకు ఆనుకొని చక్రంలా పరచుకొని, కొమ్మలు గాని ఆకులు గాని లేని బోలు కాడ చివర ఒకే పువ్వు ఉండి, కాడను తుంచితే పాలు కారితే అది డాండిలియనే.

చాలామంది ఆకును బట్టి జాతిని తేల్చేస్తారు. ఎర్రగింజ జాతి ఆకు నడిమి ఈనె దాకా లోతుగా చీలి, సన్నని తమ్మెలతో, అంటే చీలికల మధ్య మిగిలే ఆకు భాగాలతో, ఉంటుందనీ, సాధారణ జాతిలో చీలికలు అంత లోతుగా ఉండక చివరి తమ్మె పెద్దదిగా ఉంటుందనీ చెప్పేది నిజమే. అయితే నీడ, గడ్డి కోత, మొక్క వయసు ఆకు రూపాన్ని ఎంతగానో మారుస్తాయి కనుక, ఆకు ఒక్కటే చూసి నిర్ణయించడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

నమ్మదగిన గుర్తు పండిన గింజ. నిజానికి అది ఒక్క గింజ గల చిన్న ఎండు కాయ. పువ్వు ముడుచుకొని, కొన్ని రోజుల తరువాత తెల్లని బంతిలా విచ్చుకున్నప్పుడు, గాలికి ఎగిరిపోకముందే, తాకితే సులువుగా ఊడివచ్చే గింజలను నాలుగైదు తీసుకొని తెల్ల కాగితం మీద పరచి, పగటి వెలుగులో భూతద్దంతో చూడాలి. గింజ జీలకర్రలా, కొద్దిగా పచ్చఛాయ గల గోధుమరంగులో ఉంటే సాధారణ జాతి. ఎండుమిరప తొక్కలా ముదురు ఎరుపులో ఉంటే ఎర్రగింజ జాతి. పచ్చి గింజలు రెండింటిలోనూ పాలిపోయి కనిపిస్తాయి కాబట్టి తొందరపడి కోయకూడదు.

గింజ దొరకనప్పుడు పువ్వు అడుగున ఉండే పచ్చని పుచ్ఛాలను, అంటే పువ్వును కింద చుట్టి ఉండే చిన్న ఆకుల్లాంటి వాటిని, చూడవచ్చు. సాధారణ జాతిలో బయటి వరుస కిందికి బాగా వంగి ఉంటుంది. ఎర్రగింజ జాతిలో ఆ వంపు తరచుగా తక్కువ. ఈ జాతి లోపలి పుచ్ఛాల కొనల దగ్గర చిన్న కొమ్ములాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఇది తోడు సాక్ష్యం మాత్రమే.

ఈ మొక్కలు చాలావరకు పరాగసంపర్కం లేకుండానే గింజ కట్టి, తల్లి పోలికనే యథాతథంగా కొనసాగిస్తాయి; అందుకే ఐరోపా శాస్త్రజ్ఞులు వీటిలో వందల సూక్ష్మజాతులను, అంటే చిన్న చిన్న తేడాలతో వేరుపడే జాతులను, వర్ణించారు. గింజ రంగు ఎటూ తేలని మొక్క ఎదురైతే పేరు రాయకుండా, ఆకునూ పండిన గింజలనూ కాగితంలో మడిచి, తీసిన తేదీ, చోటు రాసి దాచుకోవాలి.