రోడ్డు దుమ్ము పిల్లల నోట్లోకి వెళ్లకుండా ఏం చేయాలి

రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లు ముందు ఇది చేసి చూడండి. తెల్ల గుడ్డ తడిపి కిటికీ అంచు ఒకసారి తుడవండి. ఉత్త మట్టి అయితే గోధుమ రంగులో రావాలి కదా, రోడ్డు వైపు కిటికీకి మాత్రం నల్లగా, కాస్త జిడ్డుగా వస్తుంది. అదే దుమ్ము పొడిగా ఉన్నప్పుడు కాగితం మీద వేసి కింద అయస్కాంతం జరిపితే సన్నటి రేణువులు దాని వెంటే కదులుతాయి, వాటిలో బ్రేకులు అరిగి రాలిన ఇనుము కూడా ఉంటుంది.

ఇనుముతో పోతే పర్లేదు. బ్రేక్ ప్యాడ్ల నుంచి రాగి, యాంటిమొనీ (లోహం లాంటి ఒక పదార్థం), టైర్ల నుంచి జింక్, బండి పొగలో మసితో పాటు బెంజోపైరీన్ లాంటి రసాయనాలు వస్తాయి, బెంజోపైరీన్ క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలిపోయింది. అన్నిటికంటే నాకు భయం సీసం అంటేనే. బండ్లకి సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ప్రపంచం మొత్తం మీద 2021లో ఆగిపోయింది, అయితే అంతకుముందు దశాబ్దాల పాటు పడిన సీసం కుళ్లిపోదు, కరిగిపోదు, రోడ్డు పక్క మట్టిలోనే ఉండి బండి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ లేస్తుంది. పాత పెయింట్ పొడి కూడా అందులో కలుస్తుంది.

దుమ్ము అనగానే అందరం ముక్కు గురించే ఆలోచిస్తాం, మాస్క్ కొంటాం. కానీ సీసం లాంటివి చిన్నపిల్లల ఒంట్లోకి ఎక్కువగా వెళ్లేది నోటి నుంచి. నేల మీద పాకుతారు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే 4 నుంచి 5 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది, ఇంత వరకు అయితే ఏం కాదు అని చెప్పే లెవెల్ ఏదీ లేదని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్తోంది. దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద.

అందుకే మొదలు గుమ్మం దగ్గరే పెట్టండి, చెప్పులు, బూట్లు బయటే. పొడి చీపురుతో ఊడిస్తే సన్న దుమ్మంతా గాల్లోకి లేచి గంటల తరబడి తేలుతుంది, కాబట్టి తడి గుడ్డతో తుడవండి, బకెట్ నీళ్లు నల్లబడగానే మార్చండి, లేకపోతే ఒక గది మురికి ఇంకో గదికి పూసినట్టే. కిటికీ అంచులు, తలుపు పక్క మూలలు అస్సలు వదలొద్దు. ట్రాఫిక్ ఎక్కువుండే టైంలో రోడ్డు వైపు కిటికీలు మూసేయండి.

పిల్లల చేతులు తినేముందు, పడుకునేముందు సబ్బు పెట్టి నీళ్లతో కడగాలి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందేమో గానీ సీసాన్ని తీసేయదు, అది చేతి మీదే ఉంటుంది. బొమ్మలూ కడగండి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువుంటే సీసం ఇంకా ఎక్కువ పడుతుంది, కడుపు ఖాళీగా ఉన్నా అంతే, అందుకే వేళకి తిండి పెట్టడం కూడా ఇందులో భాగమే.

బయట దుమ్ములో తిరిగేవాళ్లకి ఎన్95 మాస్క్, అదీ ముక్కు పక్కన సందు లేకుండా. గుడ్డ మాస్క్ సన్న రేణువుల్ని పెద్దగా ఆపదు.

అనుమానం ఉంటే డాక్టర్ని అడిగి బ్లడ్ లెడ్ టెస్ట్ (రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష) చేయించండి, పిల్లాడు బానే ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోవద్దు. వేలు గుచ్చి రక్తం తీసేటట్టయితే ముందు ఆ చెయ్యి సబ్బుతో బాగా కడిగించండి, లేకపోతే చర్మం మీదున్న దుమ్ములో సీసం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, ఎక్కువ చూపిస్తే నరం నుంచి తీసి ఇంకోసారి చూడమనండి.