మాడిన మొక్కకు ఎరువు వెయ్యకండి

మొన్న మద్రాసు కొళత్తూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఆరేళ్ల నిమ్మచెట్టే, వారం తిరక్కుండా ఆకంతా రాల్చేసింది" అని ఒకటే బాధ. రెండు రోజులు పడమటి గాలి కొట్టింది, మేడ మీద ఆకుల అంచులు మాడాయి. అంతవరకు ఏ ఇంట్లోనైనా జరిగేదే. "తర్వాత ఏం చేశావు పిన్నీ?" అన్నాను. చెట్టు నీరసించిందని వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోసి, పైన గుప్పెడు డీఏపీ ఎరువు చల్లిందట. ఎండకి ఆ చెట్టు తట్టుకునేదే. ఆ గుప్పెడుకి తట్టుకోలేకపోయింది.

కర్తరి ఇంకా రానే లేదు. మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా ఉంటుంది, ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనేదీ ఆ రోజుల్నే. మద్రాసులో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే మనమూ మొక్కలూ ఊపిరి పీల్చుకుంటాం. పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది పొద్దువాలే దాకా రాదు. 2003 మే చివర్లో నుంగంబాక్కంలో 45 డిగ్రీలు పడింది. నీళ్లు పొయ్యాలి, నీడ కట్టాలి అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఎరువు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మామిడి ముక్కల మీద ఉప్పు వేస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది కదా, కుండీలో ఎరువు ఎక్కువైతే వేళ్లకూ అదే గతి. మట్టిలో ఉప్పు పెరిగితే వేరు నీళ్లు పీల్చుకోలేదు, ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. నేలలో అయితే ఎరువు కిందికి, పక్కలకి పోతుంది, కుండీలో పోవడానికి చోటేదీ? తిరువాన్మియూరు వైపు ఉప్పు బోరు నీళ్లు పోసేవాళ్ల కుండీల అంచున తెల్లటి పొర ఇప్పటికే పేరుకుని ఉంటుంది. దాని మీద యూరియా!

గాలి దెబ్బ ఇంకా మోసం చేస్తుంది. చెట్టు ఊగినప్పుడు సన్నవేళ్లు లోపల తెగిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చి వెళ్లాక, వంగిన మా కరివేపాకు చెట్టును నిలబెట్టి కట్టి, త్వరగా చిగురించాలని యూరియా వేశాను. నెల తిరక్కుండా ఎండిపోయింది. దాన్ని కట్టి అలా వదిలేసి ఉంటే బతికేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పటికే వేసేసినవాళ్లు పైమట్టి ఒక అంగుళం గీకి తీసేయండి. సాయంత్రం చల్లబడ్డాక, మంచినీళ్లు నిదానంగా, కుండీ పట్టేదానికి రెండు మూడింతలు పోసి, అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. కింద పళ్లెం ఉంటే తీసేయండి, కారిన ఉప్పు మళ్లీ పైకెక్కుతుంది.

మాడిన ఆకులు చూడలేక కత్తిరించెయ్యడం రెండో తొందరపాటు. ఎండిన ఆకు కూడా కింది కొమ్మకి, బెరడుకి నీడే. కొమ్మ పోయిందో లేదో తెలియాలంటే గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కొత్త చిగురు ఎక్కడ దాకా వస్తుందో చూసి, ఆ పైన ఎండింది కొయ్యండి. విరిగి వేలాడుతున్న కొమ్మను మాత్రం అదే రోజు శుభ్రంగా కోసెయ్యాలి.

మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకునే మొక్కను చూసి కంగారు పడొద్దు. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి చూడండి. తడి ఉండి కూడా సాయంత్రానికి తేరుకోకపోతే నీళ్లు పొయ్యకండి, వేళ్లకు గాలి ఆడకపోయి ఉండొచ్చు.

కొబ్బరిపొట్టు కలిపిన కుండీ ఒకసారి బాగా ఎండితే నీళ్లు అంచుల వెంట జారిపోతాయి, మధ్యలో పొడిగానే ఉంటుంది. కుండీని టబ్బులో పెట్టి అరగంట నాననివ్వండి.

మేడ మీద పైపులో మొదట వచ్చే నీళ్లు కాగి ఉంటాయి, వాటిని బకెట్లోకి వదిలెయ్యండి.

ఎండలో వేపనూనె కొట్టకండి, ఆకు కాలుతుంది.

ఈ నెలలో కుండీ మార్చొద్దు.

దెబ్బతిన్న మొక్కను గదిలోకి తేవద్దు. తూర్పు గోడ పక్కకు చేర్చండి, పొద్దుటి ఎండ చాలు. మళ్లీ ఎండలోకి వారం పది రోజుల్లో మెల్లగా.

కర్రకు కట్టేటప్పుడు ప్లాస్టిక్ తాడు వద్దు. పాత నూలు చీర పీలిక, వదులుగా.

నీడవల బిగించి తెరచాపలా కట్టకండి.

పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు. ఈ రోజే దించండి. కింద పిల్లలు తిరుగుతారు.

ఎరువు వద్దు. చెక్క నీళ్లు వద్దు, పేడ నీళ్లు వద్దు, "కొంచెమే కదా" అని చిటికెడు కూడా వద్దు. కొత్త చిగురు రెండంగుళాలు సాగి, ఆకు విప్పుకున్నాక, తడి మట్టిలో, మామూలుగా వేసేదాంట్లో పావు వంతు.