రాయగడ నుంచి వైజాగ్ వెళ్లి పాత ఆక్టేవియా కొనేవాళ్లకి

పాత డిజైర్ ఘాట్ ఎక్కలేక మూలుగుతోందని స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్ బండి) చూడ్డానికి వెళ్తుంటే, ముందే ఓనర్‌కి ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయొద్దనండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి, అప్పుడు స్టార్ట్ చేయించి వెనక నిలబడండి, నీలం పొగొస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టే. దీని 7 గేర్ల డీఎస్‌జీది (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునగనిది, ట్రాఫిక్‌లో మెల్లగా పాకించి చూడండి, కుదుపులొస్తే బేరం కూడా ఆడకండి, ఆ రిపేరు బిల్లుకి కళ్లు తిరుగుతాయి. ఆక్టేవియాలోనే స్పీడు మోడల్ వీఆర్‌ఎస్ 230 అయితే 6 గేర్ల డీఎస్‌జీ, ఆయిల్‌లో మునిగుండే వెట్ క్లచ్, నా ఓటు దానికే, కాకపోతే 60,000 కిలోమీటర్లకి గేర్ ఆయిల్ మార్చిన బిల్లు చూపించమనండి. టైరు మీద 2319 అనుంటే 2019లో 23వ వారం సరుకని. ఏపీ బండిని ఒడిశాకి తెచ్చుకుంటున్నాం కదా, ఫారం 28 ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బులు, మా బావ ముందే ఇచ్చేసి నాలుగు నెలలు అమ్మినాయన చుట్టూ తిరిగాడు.